పైకి చెప్పని కొలత

“నా నడుం కొలువు,” అన్నాడు దర్జీ మాస్టారు.

మేకుకు వేలాడుతున్న టేపు తీసి కటింగ్ టేబుల్ మీద పడేశాడు. ఆసుపత్రి నుంచి వస్తూనే చెప్పులైనా విప్పలేదు, మంచినీళ్ళైనా అడగలేదు. నేరుగా ట్రయల్ అద్దం ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళని అలా నిలబెట్టినవాడు, తాను నిలబడాల్సి వచ్చేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడుతున్నాడు.

ఆయన భార్య కాజాలమ్మ చేతిలో సూదిని చొక్కాకే గుచ్చి వదిలేసి లేచింది. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. చేత్తో గుండీ కాజాలు కుట్టడంలో ఆవిడని మించినవాళ్ళు లేరని ఏనాడో ఒకాయన సరదాగా అన్న మాట అలాగే అతుక్కుపోయింది. బయటివాళ్ళ ముందు మొగుడు కూడా అదే పేరుతో పిలుస్తాడు. లేచిందే గాని టేపు అందుకోలేదు.

“ఏం, వినపడలేదా?”

“ముందు కాసేపు కూర్చోండి. ఎండన పడి వచ్చారు.”

“కూర్చోడానికి కాదు వచ్చింది. డాక్టరమ్మ నలభై ఒకటి అంటుంది. ఆ ఆసుపత్రి టేపుని రోజుకెంతమంది లాగుతారో, సాగి సాగి చేంతాడై ఉంటుంది. అది పెట్టి నాకు లెక్క చెబుతుందా? నాది ముప్పై నాలుగు. పెళ్ళినాడు ముప్పై నాలుగు, ఇవాళా ముప్పై నాలుగు. ఇదిగో ప్యాంటు. నేనే కత్తిరించాను, నేనే వేసుకున్నాను. పడుతోందా లేదా?”

కాజాలమ్మ గుండె గుభేలుమంది. మొగుడు కసురుకున్నందుకు కాదు. సాగిన టేపు నడుముని తక్కువ చూపిస్తుంది గాని ఎక్కువ చూపించదు. గీతకీ గీతకీ మధ్య ఎడం పెరిగితే అంకె తగ్గాలి. నిన్నగాక మొన్న మిషన్ తొక్కడం మొదలుపెట్టినవాళ్ళకి కూడా తెలిసిన సంగతి అది. కత్తెర పట్టి తల నెరిసిన మనిషి అదే మరిచిపోయి మాట్లాడుతున్నాడంటే లోపల ఎంత బెదిరిపోయి ఉండాలి.

వెనకే వచ్చిన కూతురు మందుల సంచీ కుర్చీలో పెట్టింది. రైలు టిక్కెట్ల కౌంటర్లో కూర్చుని పొద్దస్తమానం జనానికి సర్దిచెప్పే పిల్ల. ఓర్పుకి పెట్టింది పేరు. ఆ ఓర్పు ఇవాళ ఇంటికి చేరేలోపే అయిపోయినట్టుంది.

“నాన్నా, టేపు గొడవ వదిలెయ్. డాక్టరమ్మ చెప్పింది విన్నావా అసలు?”

“విన్నాను. చెయ్యి కోస్తానంది.”

“చెయ్యి కోయడం కాదు. ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలుపుతారు. కిడ్నీలు ఇంక మావల్ల కాదన్న రోజు రక్తాన్ని మిషన్లో శుభ్రం చేయాలి కదా, దానికి దారి ముందే సిద్ధంగా ఉండాలి. అది కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే రేపు పొద్దునే రమ్మంది.”

“గుడ్డ పట్టేది ఏ చెయ్యే? కుడి చెయ్యి కత్తెర తిప్పుతుంది, అంతే. గుడ్డని జరగనీయకుండా పట్టేది ఎడమ చెయ్యి. అది పోయాక నేను దర్జీని ఎలా అవుతాను?”

“చెయ్యి ఎక్కడికీ పోదు. దాంతో బరువులెత్తొద్దంది.”

“ఇన్నాళ్ళూ బానే ఉన్నానుగా. తూకం నువ్వే చూశావు. పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే. పెరగని మనిషికి పొట్ట ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?”

“అదేగా ఆవిడ అంత సేపు చెప్పింది.” కూతురు గొంతు తగ్గించింది. తండ్రి మీద అరవడం ఆ పిల్లకి చేతకాదు. “చేతులూ కాళ్ళూ చిక్కిపోయాయి, పొట్ట పెరిగింది. అటు తగ్గిందీ ఇటు పెరిగిందీ చెల్లుకి చెల్లు అయిపోయి తూకం ముల్లు కదల్లేదు. లోపల చేరిన కొవ్వు ఊరికే కూర్చోదట నాన్నా. కిడ్నీల చుట్టూ పేరుకుని వాటిని నొక్కుతుందట, బీపీని దిగనివ్వదట. అసలే దెబ్బతిన్న కిడ్నీలు, వాటి మీద ఇంత మోత. రెండేళ్ళ కిందట సగం పనిచేసేవి ఇప్పుడు అయిదో వంతుకి వచ్చాయి. ఇంత తొందరగా పడిపోకూడదు, ఎక్కడ పొరపాటు పడ్డానా అని ఆవిడే తల పట్టుకుంది.”

కాజాలమ్మ ఆ మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా విన్నది. చేతులూ కాళ్ళూ చిక్కిపోయాయి, పొట్ట పెరిగింది. ఆవిడ కుడి చేతి బొటనవేలు దానంతటదే చూపుడువేలి కొనని తడిమింది. అక్కడ సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం రాయిలా అయిపోయింది.

ఇంటి లోపలికి వెళ్ళే గుమ్మంలో కుర్చీ వేసుకుని మాస్టారి అక్కగారు కూర్చుని ఉంది. భర్త పోయాక తమ్ముడి పంచనే ఉంటోంది. ఆవిడకి తెలియని జబ్బూ లేదు, నమ్మే డాక్టరూ లేడు.

“పొట్ట ఉంటే తప్పేంటే?” అంది. “ఇంటి పెద్దన్నాక ఆ మాత్రం నిండుగా ఉండాలి. మా నాన్నకి ఎంత పొట్టుండేదనుకున్నావు. వీధిలోకొస్తే అందరూ లేచి పక్కకి నిలబడేవాళ్ళు.”

“గౌరవానికి కాదత్తా, దారివ్వడానికి.”

మామూలు రోజైతే ఆ మాటకి మాస్టారే ముందు నవ్వేవాడు. ఇప్పుడు వినిపించుకోలేదు. భార్య వైపే చూస్తున్నాడు.

“అందరూ వినండి. నా టేపుతో, నా షాపులో, నా భార్య కొలుస్తుంది. నలభై ఒకటని తన నోటితో అంటే రేపు నోరెత్తకుండా వెళ్ళి చెయ్యి చాపుతాను. ముప్పై నాలుగు వచ్చిందా, ఆ డాక్టరు చెప్పిందంతా తప్పే. ఆ గడప మళ్ళీ తొక్కను. ఎవరూ బతిమాలడానికి వీల్లేదు.”

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో కాజాలమ్మకి అప్పుడు తెలిసింది.

ఇంతలో వీధి తలుపు తోసుకుని బేకరీ ఆయన లోపలికి వచ్చాడు. ఆయన వస్తే ముందు ఆయన పొట్ట వస్తుంది, వెనక వెన్న వాసన వస్తుంది, ఆఖరికి ఆయన వస్తాడు. కొడుకు పట్టా పుచ్చుకునే సభకి కొత్త కోటు కావాలట.

మాస్టారి మొహం క్షణంలో మారిపోయింది. ఇంటి గొడవ గుమ్మం దాటనివ్వడం ఆ షాపులో ఏనాడూ లేదు. “రండి రండి,” అంటూ పడేసిన టేపు తీసుకున్నాడు. కాజాలమ్మ అలవాటుగా పెన్సిలు పట్టుకుంది.

“ఈ మధ్య కాస్త తగ్గాను, గమనించారా మాస్టారూ?”

“మిమ్మల్ని గమనించకుండా ఎలా ఉంటాను? చేతులు దించండి. ఛాతీ నలభై నాలుగు. భుజం పంతొమ్మిది. చెయ్యి ఇరవై నాలుగున్నర.”

ఆవిడ రాసుకుంటూ పోయింది. టేపు నడుం చుట్టూ తిరిగింది. మాస్టారి నోరు మూతబడింది. సుద్దముక్క తీసి టేబుల్ అంచున, బేకరీ ఆయనకి కనపడని వైపు, రెండంకెలు గీశాడు. ఆ అంకెలు చూసి కాజాలమ్మ మౌనంగా రాసుకుంది.

అది ఆ షాపులో మొదటి రోజు నుంచీ ఉన్న పద్ధతి. పెళ్ళైన కొత్తలో ఆవిడని పనిలో కూర్చోబెట్టుకున్నప్పుడు మాస్టారు నేర్పిన మొదటి పాఠం కాజా కుట్టడం కాదు, ఇది. “ఛాతీ పైకి చెప్పు, భుజం పైకి చెప్పు, చెయ్యి పైకి చెప్పు. నడుం మాత్రం పైకి చెప్పకు. పెరిగిన మనిషికి తను పెరిగినట్టు తెలుసు. మనం కూడా చెప్పాలా? రెండు వేళ్ళ గుడ్డ లోపల ఎక్కువ వదులు, పడేలా కుట్టు, నోరు మూసుకో. మనిషి మన దగ్గర్నుంచి సంతోషంగా వెళ్ళాలి.” అప్పుడావిడకి ఆ మాట ఎంతో నచ్చింది. ఇంత మంచి మనసున్నవాడు దొరికాడని మురిసిపోయింది కూడా.

“తగ్గానంటారా మరి?”

“తగ్గినా పెరిగినా మీకు పడేలా కుట్టడం నా పని. వేసుకుని అద్దంలో చూసుకున్నాక మీరే చెబుదురుగాని.”

బేకరీ ఆయన పొంగిపోయి వెళ్ళాడు. తలుపు మూసుకోగానే అక్కగారు గొణిగింది. “గురివింద గింజ తన కింద నలుపెరగదని, ఆయన తగ్గాడట, మనం ఔననాలట.”

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగల్లేదు. పక్కన తల దించుకున్న కాజాలమ్మకి తగిలింది.

మాస్టారు సుద్ద గీతలు అరచేత్తో తుడిచేశాడు. “మొహం కడుక్కొస్తాను. వచ్చేసరికి టేపు పట్టుకుని ఉండు,” అని పెరట్లోకి వెళ్ళాడు.

* * *

వంటింట్లో కాజాలమ్మ పొయ్యి వెలిగించింది. ఎందుకు వెలిగించిందో తెలియలేదు, మళ్ళీ ఆర్పేసింది. కూతురు వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

“అమ్మా. ఆసుపత్రిలో నర్సు కొలిచినప్పుడు నేను కళ్ళారా చూశాను. నలభై ఒకటే. మరి ఆ ముప్పై నాలుగు ప్యాంటు నాన్నకెలా పడుతోంది?”

కాజాలమ్మ ఖాళీ గిన్నె తీసి ఆరిన పొయ్యి మీద పెట్టింది.

“నిన్నే. ఎలా పడుతోంది?”

“పడేలా చేశాను కాబట్టి.”

కూతురికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“జబ్బు సంగతి మొదట తెలిసినప్పుడు,” అంది కాజాలమ్మ, ఖాళీ గిన్నె మీద మూత సర్దుతూ, “మీ నాన్న సరిగ్గా తినలేదు, సరిగ్గా పడుకోలేదు. ఒకరోజు పొద్దున్న ప్యాంటు వేసుకుంటుంటే నడుం దగ్గర హుక్కులు కలవలేదు. ఊపిరి బిగబట్టాడు, లాగాడు, కలవలేదు. మంచం అంచున అలాగే కూర్చుండిపోయాడు. నేను గుమ్మంలో ఉన్నానని చూసుకోలేదు. ఆ మొహం నువ్వు చూడలేదే. జబ్బని చెప్పినప్పుడు కూడా అలా అవలేదు.”

“అయితే?”

“హుక్కు వంగినట్టుంది, ఇలా ఇవ్వండి, సరిచేస్తానన్నాను. వెనక కుట్టు విప్పి లోపలి గుడ్డ వదిలాను. సాయంత్రం వేసుకుంటే పట్టింది. ‘చూశావా, హుక్కే,’ అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. అంతే. ఒక్కసారికే అనుకున్నాను.”

“ఒక్కసారితో ఆగలేదన్నమాట.”

“లోపలి గుడ్డ అయిపోయాక అదే థానులో మిగిలిన ముక్కలు అతికాను. ఒక్కో ప్యాంటూ తీసి ఇస్త్రీ చేసే నెపంతో... ఆయన మిషన్ దగ్గరుండగా కాదు, ఆయన బట్టలు కొనడానికి బజారుకెళ్ళినప్పుడు. ఊరందరి నడుములూ కొలిచే మనిషి తన నడుం ఎందుకు చూసుకుంటాడు? ఇచ్చిన ప్యాంటు తొడుక్కుంటాడు, పడుతుంది, అయిపోయింది.”

“అమ్మా, పోయినేడు డాక్టరమ్మ అడిగిందట. నడుం ఏమైనా పెరిగిందా అని. ఇవాళ ఆవిడే గుర్తుచేసింది. దర్జీని ఆ ప్రశ్న అడుగుతారా, అవే ప్యాంట్లు వేసుకుంటున్నానని నాన్న అన్నాడట. దర్జీ మాటకన్నా కొలత ఏముంటుందని తనూ టేపు తీయలేదట. అదొక్కటే కారణమని చెప్పలేను గాని, అప్పుడే తెలిసుంటే తిండీ నడకా మందులూ అన్నీ గట్టిగా పట్టుకునేదాన్ని, ఇంకొన్నేళ్ళు లాగేదాన్నేమో అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నాన్నతో వెళ్ళింది నువ్వే కదా.”

“నేనే.”

“పక్కనే ఉన్నావా?”

“పక్కనే ఉన్నాను.”

కూతురు తిట్టి ఉంటే కాజాలమ్మకి బాగుండేది. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని భరించిన మనిషికి ఒక్క తిట్టు తగిలినా కాస్త ఊపిరాడేది. ఆ పిల్ల తల్లి మొహంలోకి చూడకుండా, కుళాయి కింద చేతులు కడుక్కుంది.

గుమ్మంలోంచి అక్కగారి గొంతు వచ్చింది. అంతా విన్నట్టే ఉంది.

“అమ్మాయ్, ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. టేపు పెట్టి ముప్పై నాలుగనెయ్. వాడి ప్రాణం కుదుటపడుతుంది.”

“అత్తా, అలా అంటే రేపు రాడు. ఈ సమయం కూడా పోతుంది.”

“రాకపోతే ఏం? ఆ మిషన్లకి అంటగట్టాక మనిషి మనిషిలా ఉంటాడా?”

“మిషను లేకపోతే అసలు మనిషే ఉండడు. ఊపిరాడక గిలగిలలాడుతూ ఉన్నపళంగా మోసుకెళ్ళాల్సొస్తుంది. అప్పుడు నువ్వే ముందు ఏడుస్తావు.”

అక్కగారు పెదవి విరిచింది. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. కొంగుతో కళ్ళు ఒత్తుకుని గోడ వైపు తిరిగింది.

కాజాలమ్మ ఇద్దరినీ చూసింది. ఒకరు అబద్ధం ఆడమంటున్నారు, ఒకరు ఏమీ అనడం లేదు. ఏ మాట చెబితే మొగుడు బతుకుతాడో ఆవిడకి తెలుసు. ఆ మాట చెప్పాక మొగుడు తనకి మిగులుతాడో లేదో తెలియదు. భయం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనంటే ఎప్పుడూ భయపడలేదు, ఇవాళ పడింది.

“నేను చెబుతానే అమ్మా,” అంది కూతురు చివరికి. “మెల్లిగా, వేరేలా చెబుతాను.”

“వద్దు. విప్పింది నేను.”

* * *

మాస్టారు తుండుతో మెడ తుడుచుకుంటూ షాపులోకి వచ్చేసరికి కాజాలమ్మ టేపు పట్టుకుని ఉంది. ఆయన మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాడు. ఈసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసింది.

“బిగించి లాగకు. వదులుగానూ పట్టకు. ఒక వేలు దూరేలా.”

“నాకు తెలుసండీ.”

టేపు ఆయన వెనకనుంచి తెచ్చి బొడ్డు మీదుగా కలిపింది. ఇంత దగ్గరగా ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చాలా కాలమైంది. గట్టిగా, నిండుగా ఉంది. పైన పక్కటెముకలు తెలుస్తున్నాయి, భుజాల దగ్గర చొక్కా వేలాడుతోంది. ఆ చొక్కా భుజాలు కూడా రెండుసార్లు లోపలికి పట్టింది తనే.

అంకె కనపడింది. ఆసుపత్రి టేపు నిజంగానే సాగి ఉందన్నమాట. ఆ మాటలో మాస్టారిదే గెలుపు.

“నలభై ఒకటిన్నర,” అంది కాజాలమ్మ.

ఆ షాపులో టేపు పట్టిన మనిషి నోట నడుం కొలత పైకి వినపడటం అదే మొదలు. గుమ్మంలో నిలబడిన కూతురు కూడా ఉలిక్కిపడింది.

“మళ్ళీ చదువు.”

“నలభై ఒకటిన్నరండీ.”

“టేపు తిరగబడిందేమో చూడు.”

“తిరగబడలేదు.”

“ఈ ప్యాంటు ముప్పై నాలుగు. నేను కత్తిరించాను.”

“మీరు ముప్పై నాలుగే కత్తిరించారు. నేను విప్పి కుట్టాను. ఇదొక్కటే కాదు. అన్నీ.”

మాస్టారు ఆవిడ మొహం చూడలేదు. ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టల దొంతరలోంచి తన ప్యాంటొకటి లాగి, తిరగేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు నుదుటి మీదనుంచి కిందకి దించుకున్నాడు. నడుం పట్టీ వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. వెనక కుట్టు దగ్గర వేలు ఆగింది. అతుకు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కిందకి జరిగింది.

“కుట్టు కనపడనివ్వలేదు,” అన్నాడు.

పని బాగుంటే బాగుందని అనకుండా ఉండలేని నోరు అది. ఆ మెప్పు విని కాజాలమ్మకి దుఃఖం పొంగుకొచ్చింది.

“తొడల దగ్గర లోపలికి పట్టావు.”

“కాళ్ళు సన్నబడ్డాయి కదండీ. గాలికి కొట్టుకుంటుంటే చూడబుద్ధి కాలేదు.”

“పైన వదిలావు, కింద పట్టావు. అయితే ఇవాళ డాక్టరమ్మ మిషన్లు పెట్టి చూసి చెప్పింది నీకు ఎప్పుడో తెలుసు.”

“బట్ట వదులయింది, బిగువయింది, అంతవరకే తెలుసు. జబ్బని తెలీదు. తెలిస్తే దాస్తానా? మీరు ఆ రోజు మంచం మీద కూర్చున్నారే, ఆ మొహం మళ్ళీ చూడలేననుకున్నాను. అంతకు మించి నా బుర్రకి ఏమీ తోచలేదు.”

మాస్టారు ప్యాంటు మళ్ళీ మామూలుగా తిరగేశాడు. మడత మీద మడత వేసి టేబుల్ మీద పెట్టాడు. కోపంలో కూడా బట్టని పడేయడం ఆయనకి రాదు.

“పోయినేడు ఆవిడ అడిగినప్పుడు నువ్వు నా పక్క కుర్చీలో ఉన్నావు.”

“ఉన్నాను.”

“నేను అవే ప్యాంట్లన్నాను.”

“అన్నారు.”

“ఆవిడ నవ్వింది.” ఆయన ఆగాడు. “నువ్వూ నవ్వావు.”

కాజాలమ్మ టేపు చుట్ట చుట్టింది. నవ్విన మాట నిజం. నవ్వకపోతే ఏడుపొచ్చేస్తుందని నవ్వింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు? తనకే నమ్మకం కుదరడం లేదు.

వీధిలో ఎవరో సైకిలు ఆపి, షాపులోకి తొంగి చూసి, లోపలివాళ్ళు నిలబడ్డ తీరు చూసి వెళ్ళిపోయారు.

“మీరేగా నేర్పారు,” అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. “నడుం పైకి చెప్పొద్దని. మనిషి సంతోషంగా వెళ్ళాలని.”

“అది వచ్చిపోయేవాళ్ళ గురించి చెప్పాను,” అన్నాడు మాస్టారు. “నేను నీకు వచ్చిపోయేవాణ్ణా?”

ఆయన అరవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అరుస్తున్న మనిషి ఈ ఒక్క మాటా మామూలుగా అన్నాడు. కాజాలమ్మ టేబుల్ అంచు పట్టుకుంది.

పక్క గదిలో అక్కగారు దగ్గింది, మళ్ళీ దగ్గకుండా ఆపుకుంది. మాస్టారు స్టూలు మీద కూర్చుని ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మడత దగ్గర ఉబికిన నరాన్ని చూసుకున్నాడు. వేలితో నొక్కాడు. వదిలాడు. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో ఇప్పుడే చూసినట్టు, కాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాడు.

తరవాత గుమ్మం వైపు తల తిప్పాడు.

“అమ్మాయ్.”

“ఆఁ, నాన్నా.”

“రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంది?”

“ఏడింటికల్లా అక్కడుండాలి.”

“సరే. వెళ్దాం. చేయించుకుంటాను.”

కూతురు కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. కాజాలమ్మ కూడా లోపల ఎవరికో దండం పెట్టుకుంది. ఏ మాట కోసం గుండె చిక్కబట్టుకుని టేపు పట్టుకుందో ఆ మాట దొరికింది. మొగుడు ఆసుపత్రికి వెళ్తాడు. చెయ్యి చాపుతాడు. దారి మూసుకుపోలేదు.

“నేనూ వస్తానండి,” అంది. “మీ పక్కన ఉంటాను.”

మాస్టారు చొక్కా చెయ్యి కిందకి దించి, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకోబోయాడు. ఒంటిచేత్తో కుదరలేదు. రోజూ ఆ గుండీ పెట్టేది కాజాలమ్మే. అలవాటుగా ఒక అడుగు ముందుకి వేసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుండీ పెట్టకుండానే లేచాడు.

పెళ్ళైన నాటి నుంచీ ఆ ఇద్దరికీ ఎన్ని తగాదాలు రాలేదు? గుడ్డ తప్పు కత్తిరించారని వచ్చాయి, అక్కగారి గురించి వచ్చాయి, పిల్లని దూరంగా చదివించాలా వద్దా అని నెలంతా నడిచాయి. ఎంత పోట్లాడినా మొహం మొహం చూసుకునే పోట్లాడారు. మధ్యలో మనిషిని పెట్టి మాట్లాడుకోవడం ఎరగరు.

భార్యకి చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి, ఆయన కూతురితో అన్నాడు.

“మనిద్దరం చాలు. మీ అమ్మని షాపు చూసుకోమని చెప్పు.”

కూతురు తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఆ నాలుగు మాటలూ మోసుకెళ్ళాల్సిన దూరం రెండడుగులు కూడా లేదు.

“అమ్మా...” అంది.

“విన్నానని చెప్పు,” అంది కాజాలమ్మ, కూతురితోనే.